రెండున్నర చుట్లు

జూలైలో గల్ఫ్ రోడ్డు మీద సైకిలెక్కితే
తారు టైరుని పట్టుకుని వదలదు.
తెల్లారుజాము నాలుక్కే ముప్పై ఎనిమిది.
అందుకని ఫ్రైడే మార్కెట్లో
కాలు విరిగిన కుర్చీలకీ దుమ్ము పట్టిన ఏసీలకీ నడుమ
దీన్ని కొన్నాను:
ఇనప కాళ్ళు, వాటి మధ్య ఒక రోలరు,
వెనక చక్రాన్ని ఎత్తి పట్టుకునే సరంజామా.
పన్నెండు దినార్లన్నాడు. ఏడిచ్చాను.

ఫర్వానియాలో మా గది మూడో అంతస్తు.
నాలుగు మంచాలు, ఒక ఫ్రిజ్జు పోను
మిగిలింది సరిగ్గా సైకిలు పొడుగు.
ముందు చక్రం ఎత్తు కోసం
కింద సోనా మసూరి బస్తా పెట్టాను.
"నెలాఖరుకి నీకు దిగుడు రోడ్డే పెంచలయ్యా"
అన్నాడు కరీముల్లా.

నేనేమో టైర్ల మనిషిని.
షువైఖ్ షెడ్డులో పదకొండేళ్ళు.
నడుమ అరిగిందా, గాలి ఎక్కువ.
అంచులు అరిగాయా, గాలి తక్కువ.
ఒక్క పక్కే అరిగితే అలైన్‌మెంటు.
మచ్చలు మచ్చలుగా లేచిపోతే
కుర్రోడు ఎడార్లో డ్రిఫ్టు కొట్టాడని.
వాళ్ళ నాయనకి చెప్పను గానీ, తెలుస్తుంది.
వేలు పెట్టి తడిమితే చాలు, జాతకం.

అలాంటి నాకు
వారం తిరక్కముందే గోడ సున్నం మీద నల్లటి చార.
పెన్సిలు చెక్కినట్టు నేలంతా రబ్బరు పొడి.
పప్పు మాడిందేమోనని
ఓబులేసు రెండుసార్లు స్టవ్వు చూసొచ్చాడు.
కొత్త టైరు.
నడుమ గీతలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

"యాడికీ పోకుండానే అరిగిపోయిందే, మన మాదిరి"
అన్నాడు ఓబులేసు.
ఎవరం నవ్వలేదు.
కాసేపు నలుగురం టైరునే చూశాం.

అప్పుడే తలుపు దబదబా.
కింది అంతస్తు ఈజిప్టు పెద్దాయన, అబూ సామిహ్.
తన పైకప్పు రుబ్బురోలైపోయిందని తిట్టడానికొచ్చాడు.
తిట్టు సగంలో ఆగింది.
సైకిలు చూశాడు.
పొడుగు చొక్కా మోకాళ్ళదాకా ఎత్తి కూలబడి
ఒక చేత్తో రోలరు కదలకుండా పట్టుకుని
రెండో చేత్తో చక్రం తిప్పాడు.
జారింది.
నాలుకతో చప్పుడు చేశాడు, అచ్చం మా మేస్త్రీలాగే.

ఆయనకి హిందీ రాదు. నాది టైరు షాపు అరబ్బీ.
గాలి నిండుగా కొట్టు, ఎక్కే ప్రతిసారీ.
టైరుని స్పిరిటుతో తుడువు, రోలర్నీ తుడువు.
మర తిప్పి, ముట్టుకునేదాకా బిగించి,
ఆ పైన రెండున్నర చుట్లు.
రెండు వేళ్ళు చూపి మూడోది సగం మడిచాడు.
వదులైతే జారి కోసేస్తుంది,
మరీ బిగిస్తే పిండేస్తుంది.
ఒక్కసారిగా తొక్కొద్దు, షువయ్ షువయ్.
దిగాక మర వదులు చెయ్యి,
రాత్రంతా ఒత్తి ఉంచితే టైరుకి గుంట.

అంతా అయ్యాక ఆ కొత్త టైరు నా చేతే విప్పించాడు.
మిగిలిందన్నా రోడ్డు చూడాలట,
గదిలోకి ముసలి టైరు చాలునట.
ఇరవై ఏళ్ళప్పుడు మన్సూరాలో పందేలు తొక్కాడట.
పిక్క మీద చైను పళ్ళ మచ్చ చూపించాడు,
అయిదు చుక్కలు, పచ్చబొట్టులా.

ఇప్పుడు కింద కార్పెట్టు, రెండు మడతలు. ఆయనిచ్చిందే.
వెనక చక్రానికి
హసావీ సందులో బంగ్లాదేశ్ పిల్లోడు ఊరికే ఇచ్చిన బోడి టైరు.
గోడకి మళ్ళీ సున్నం వేశాను. తెల్లగానే ఉంది.

"ఓబులేసూ, అది పోకపోయినందుకు అరగలేదు,
జారినందుకు అరిగింది" అని చెప్పాను.
వాడు బియ్యం కడుగుతూ
"రెంటికీ తేడా ఏందబ్బా" అన్నాడు.
జవాబు వెతుక్కుంటూ తొక్కుతున్నాను.

నాలుగున్నరకి
కింది నుంచి చీపురుకర్ర దెబ్బలు.
రెండు గట్టిగా,
కాస్త ఆగి
చిన్నది ఒకటి.

జారుతున్న చప్పుడు విన్నాడన్నమాట.
దిగి, మర బిగిస్తాను.