ఒకటి దగ్గర ఎత్తు

పోర్టు కాటా మీద ముప్పై ఏళ్ళు
లారీలు తూచి తూచి దిగిపోయినవాణ్ణి.
ఇప్పుడు జాలరిపేటలో ఒక డాబా మీద,
ఎండు నెత్తళ్ళ వాసనలో, దోమల్లో,
ఏడో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతున్నాను.

ఆదివారం సాయంత్రం
లోవకుమారి గ్రాఫు కాగితం పరిచింది.
సముద్రపు గాలికి లేచిపోకుండా
మూడు మూలలా మూడు గవ్వలు,
నాలుగో మూల నా కళ్ళజోడు పెట్టె.
అడ్డంగా కిలోలు, నిలువునా రూపాయలు,
నిలువు గడికి పది.
వాళ్ళమ్మ పోలమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డు లెక్క అది.
పుస్తకంలో ఆపిల్ పళ్ళున్నాయి,
మా పేటలో ఎవరు కొంటారని
నేనే మార్చమన్నాను.

ఐదు కిలోల దగ్గర తొంభై.
పదింటి దగ్గర నూట ఎనభై.
స్కేలు ఆనించి గీసింది.
గీత డాల్ఫిన్ నోస్‌లా ముక్కు వంచలేదు,
కైలాసగిరి రోప్‌వే తీగలా నడుము జార్చలేదు,
తిన్నగా పోయింది.

"సున్నాలోంచే ఎందుకెళ్ళాలి మాస్టారూ?"
ఒలవకపోతే ఇవ్వరు కదమ్మా.
లారీ ఎక్కకముందు కాటా సున్నా చూపించాలి,
చూపించని రోజు
సాయంత్రం దాకా రాసిందంతా అబద్ధం.

"మరి కిలోకెంత?"
ఒకటి దగ్గర నిలబడి పైకి చూడు.
చూసింది.
గీత అక్కడ పది దాటింది, ఇరవైకి అందలేదు.
పదిహేడంది. కాదు, పంతొమ్మిదంది.
ఆ సందులో పెన్సిలు ములుకు పట్టలేదు.
దగ్గర్లో కనబడకపోతే దూరం వెళ్ళాలి,
గీత గడి మూలని సరిగ్గా తాకే చోటికి.
ఐదు దగ్గర తొంభై ఉంది చూడు,
దాన్ని ఐదు కిలోలకీ సమంగా పంచుకుంటూ
వెనక్కి రా.
"పద్దెనిమిది!"
పదింటి దగ్గర్నుంచి వచ్చినా అంతే.
గీత మీద ఎక్కడ నిలబెట్టి అడిగినా
ఒకటే మాట చెబుతుంది.
నా ఉద్యోగంలో అలాంటివాళ్ళని
పెద్దగా చూడలేదు.

అప్పుడు పెట్టింది శనివారం చుక్క.
పదిహేను కిలోలు, రెండొందల నలభై.
గీతకి మూడు గడులు కింద పడింది.
"తప్పు పెట్టేనేటి?" అని చెరిపింది,
మళ్ళీ లెక్కపెట్టింది,
మళ్ళీ అక్కడే.
సున్నా నుంచి ఆ చుక్కకి వేరే గీత గీయమన్నాను.
అది కాస్త వాలి పడుకుంది.
ఒకటి దగ్గర పదహారు.

నీళ్ళ బిందెతో మెట్లెక్కుతున్న తల్లిని
అక్కణ్ణుంచే అడిగింది:
"అమ్మా, శనోరం కిలోకి రెండ్రూపాయలు ఏటైపోనాయి?"
"ఐసు నీరుందని తరుగు కోసీసేడే గుమస్తా.
ఎప్పుడూ ఉన్నదే."

తరుగు.
నా చేతిరాత నాకు గుర్తొచ్చింది.
ఖనిజం లారీల రిజిస్టరులో చివరి గడి
తేమ తరుగు, తేమ తరుగు, తేమ తరుగు.
ముసురులోనూ రోహిణి ఎండలోనూ
పై అధికారి చెప్పిన అదే అంకె.
ఎవరూ చుక్కలు పెట్టి చూడలేదు.
నేనూ.

పోలమ్మ బిందె దింపి
కాగితం ముందు చతికిలబడింది.
"ఒకటి ఏదే గుంటా?"
కుమారి చూపించిన చోట బొటనవేలు ఆనించింది,
రొయ్య ముళ్ళకి అరిగిపోయి
రేషన్ మిషను గుర్తుపట్టని వేలు.
దాని కింద ఒకటీ, రెండూ,
పద్దెనిమిదీ, పదహారూ
అన్నీ మాయమయ్యాయి.
వేలు ఎత్తి, వంగి చూసింది.
"ఇంతేనేటి ఎత్తు?"
ఇంతేనమ్మా.
"దీంట్లోంచి కూడా కోసేడన్నమాట."

కాగితం మీద తడి మచ్చ.
కుమారి ఊది ఆరబెట్టబోతే
ఉండనీయే అంది.
నాలుగు మడతలు పెట్టింది,
రొంటిన దోపుకోబోయి, ఆగి,
మళ్ళీ విప్పింది.

రేపు ఆరింటికే షెడ్డు తెరుస్తారు.

"మాస్టారూ,
ఆ కింద పడ్డ చుక్క గుమస్తాకి కానొస్తాదో లేదో.
మీకాడ ఎర్ర పెన్సిలుందేటి?"