ఇరవై పనిదినాలు

చిలోయే దీవిలో వానకి సెలవుల్లేవు.
మాకున్నాయి. అందుకే గడువుని
పనిదినాల్లో లెక్కపెడతాం.

ఓర్ఫెలీనా మిల్లాకురా మొదటిసారి
రబ్బరు బూట్లతోనే వచ్చింది.
గచ్చంతా సముద్రపు బురద.
మనవడి లెక్కల నోటుబుక్కులోంచి చించిన కాగితం మీద
రెండే వాక్యాలు:
"మా పాయకి ఎదురుగా చేపల పంజరాలున్నాయి.
పోయినేడు వాటిలో ఎంత మందు పోశారు?"
అయ్యా అని లేదు. దయచేసి అని లేదు.

కారణం రాయాలా అని అడిగింది.
అక్కర్లేదన్నాను, చట్టంలో అలాగే ఉంది.
అయినా చెప్పింది.
ఆల్చిప్పలు నోళ్ళు తెరుచుకుని చచ్చిపోతున్నాయట.
"అవి తెరిచాయి.
ఇక నేను తెరవాలి కదా."

ముద్ర కొట్టాను.

పదిహేనో రోజున రాజధాని నుంచి కట్ట దిగింది,
నలభై ఒక్క పేజీలు, పైన ఒక చీటీ:
కంపెనీ వ్యాపార రహస్యాలు కనపడకుండా చేసి ఇవ్వవలెను.

కనపడకుండా చెయ్యడం నా ఉద్యోగంలో భాగం.
పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా గీశాను.
టన్నులు పోయాయి. తేదీలు పోయాయి.
మందు పేరు పోయింది.
"మరియు" మిగిలింది.
అక్కడక్కడా "కిలోలు" మిగిలింది.

రాత్రి అన్నాల దగ్గర మా ఆవిడ అడిగింది
వేళ్ళకి ఆ మసేమిటని.
పళ్ళెంలో ఆ పాయ ఆల్చిప్పలే, ఆవిరి కక్కుతూ.
నేను జవాబివ్వలేదు.
ఆవిడ లిఖితపూర్వకంగా అడగలేదు.

ఇరవయ్యో రోజు.
ఓర్ఫెలీనా పేజీలన్నీ ఓపిగ్గా తిప్పింది.
"రాత్రి సముద్రాన్ని ఫొటో తీసిచ్చారా?" అంది.
ముట్టినట్టు సంతకం పెట్టింది.
గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

ఎప్పుడోగాని జరగదు, బయట వాన వెలిసింది.
ఏడో పేజీని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది
ఎక్స్‌రే చూసే డాక్టరులా.
నలుపు వెనక మరింత నల్లగా
అంకెలు.
పెదాలు కదుపుతూ చదువుకుంది.
చెవి వెనక దోపుకున్న పెన్సిలు ముక్క తీసి
అరచేతి మీద రాసుకుంది.
నేను రిజిస్టరులో తల దూర్చి
తారీఖులు సరిచూస్తున్నాను.

రేపు విచారణంటూ వస్తే ఉన్నదే చెప్తాను.
మార్కరు పాతది, సిరా ఆరిపోయింది.
కొత్తది ఇప్పించమని మార్చిలోనే అర్జీ పెట్టుకున్నాను.
దానికింకా జవాబు రాలేదు.