ఒడ్డున తువ్వాలుతో

తెల్లారకముందే లాసన్స్ బే దగ్గర ఆటో దిగాం.
పెదజాలారిపేట పడవలు ఇంకా లేవలేదు.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది.
నా చంకలో ఇమెల్డా పొడిబట్టల సంచీ,
భుజం మీద తువ్వాలు,
మెడలో జపమాల,
పైకి కనపడకుండా పిన్నీసు పెట్టుకున్నాను.

ముందురోజు రొయ్యల షెడ్డులో అడిగింది
తలెత్తకుండా, పొట్టు తీస్తూనే:
"రేపు నీళ్లల్లోకి దిగుతున్నానే, ఫిలో.
ఒడ్డున మనోళ్లెవరూ ఉండరు.
వస్తావేటి?"

నీళ్లంటే ఏ నీళ్లో నాకు తెలుసు.
జ్ఞానాపురం గుడిలో ఒకే ఆదివారం
ఒకే రాతితొట్టి దగ్గర
మా ఇద్దరి నెత్తినా పోశారు.
తను ఏడ్చిందట, నేను నిద్రపోయానట.
మా కొవ్వొత్తి గాలికి ఆరిపోతే
వాళ్లమ్మే తన దానితో మళ్లీ వెలిగించిందట.
నలభై ఒక్క ఏళ్ల తర్వాత
అవి నీళ్లే కావంటోంది ఇది.
తనవి కాకపోతే మరి నావి?

రాత్రంతా నిద్ర లేదు.
అడగాల్సినవన్నీ పేర్చుకున్నాను,
ఐసు పెట్టెలో చేపల్లా, తోకా తలా సరిచేసి.
ఆటోలో నోరు తెరిచి
"స్వెట్టర్ తెచ్చుకున్నావా?" అన్నాను.

మా షెడ్డులోనే దెబోరమ్మ ఉంది.
జీతం కోసినా శనివారం రాదు.
రోజుకి ముప్ఫై కిలోల రొయ్యలు ఒలుస్తుంది,
ఒక్కటీ నోట పెట్టదు.
పదేళ్లు నవ్వాను ఆమె మీద.
నాకు కామెర్లొచ్చిన నెల
తన టబ్బు అవగానే నా టబ్బు లాక్కుని
నా పేరు మీదే రాయించింది.
శుక్రవారాలైతే పొద్దుగూకేలోపు, పరుగు మీద.
తిరిగొచ్చి ఆ వేళ్లు చూశాను,
గోళ్ల చుట్టూ తెల్లగా నాని, చీలిపోయి.
అప్పట్నుంచి తన పక్కన కూర్చునే రోజు
నా క్యారియర్లో పప్పే.

కెజియా అయితే సీబీఎం మనిషి.
"మరియమ్మని ఎందుకే మొక్కుతారు?"
ఏడాదికి నాలుగుసార్లైనా అడుగుతుంది.
నాలుగుసార్లూ పోట్లాడుకుంటాం.
మా వాడి పరీక్షలప్పుడు రాస్ హిల్ ఎక్కుతుంటే
ఆయాసపడుతూ వెనకే వచ్చింది.
లోపలికి రాలేదు.
గుమ్మం బయట ఎండలో కూర్చుని
నా చెప్పులు కాసింది.
నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది,
అదీ ఒక ప్రార్థనేనని.

పాస్టరు గారు ప్యాంటు మడత పెట్టి ముందు నడిచారు.
తెల్లచీరలు ఐదు, ఒకదాని వెనక ఒకటి.
ఇమెల్డా వెనక్కొచ్చి
చెవిదుద్దులు విప్పి నా అరచేతిలో పెట్టింది.
వాళ్లమ్మవి.
"ఏం చెయ్యనే వీటిని?"
"నీకాడ ఉంచు."
ఇంకేం అడగలేదు. కొంగున ముడేశాను.

మనిషి మొత్తం మునిగింది.
ఆ క్షణం సముద్రం మీద తను లేదు,
నా పెదాల మీద మాత్రం పరలోకజపం,
అది ఎవరి నోట్లోనైనా ఒకటే కదా.
తర్వాత తల పైకొచ్చింది, జుట్టంతా మొహం మీద.
నేను పరిగెత్తాను,
నా చీర మోకాళ్ల దాకా తడిసింది.

తల తుడుస్తుంటే ఒక చిన్నపిల్ల,
వాళ్ల సంఘం పిల్లే, ముద్దుగా అడిగింది:
"అక్కా, మీరెప్పుడు తీసుకుంటారు?"
ఊళ్లో ఆరుగంటల పూజ మొదలై ఉంటుంది,
నేను లేకుండానే.
"నేను తువ్వాలు తెచ్చానమ్మా," అన్నాను.
ఇమెల్డా పళ్లు టకటకలాడుతూనే నవ్వింది.

"ఫిలో, చెవిలో నీళ్లెళ్లిపోయాయే."
"తల వంచి ఒంటికాలి మీద గెంతు,
చిన్నప్పుడు గెంతలేదేటి?"
గెంతింది.
నా చెవుల్లో చుక్క నీళ్లు లేవు,
అయినా నేనూ గెంతాను.
పాస్టరు గారు చూస్తున్నారు.
మొదటి పడవ కదిలింది.