బదులు

మిందేలు రేవులో కూర్చుని
రోటర్‌డామ్‌లో కుళాయి కారుతోందని
కంగారుపడటం ఇప్పుడు నా పని.

ముప్పయ్యేళ్లు ఓడల ఇంజన్ గదుల్లో కాగి
అదెలీనో మావయ్య కొనుక్కున్న రెండు గదులు అక్కడ.
ఆయన ఇక్కడ, నా వరండాలో,
చొక్కా బొత్తాలు లెక్కపెట్టుకుంటూ.
ఉన్నవి ఆరు. ఆయనకెప్పుడూ ఐదే వస్తాయి.

ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా
కాగితం మీద మోచెయ్యి ఆనించి చదివాడు నోటరీ బల్తజార్:
అద్దెకిచ్చుటకు, అమ్ముటకు, వసూలు చేసుకొనుటకు,
ఖాతాలు తెరుచుటకు, మూయుటకు,
ఆయన బదులు, ఆయనే అయినట్లు—
"పోటు మొదలైందా?" అన్నాడు మావయ్య మధ్యలో.
తెలివిలోనే ఉన్నాడని డాక్టరు రాసిచ్చిన చీటీని
నోటరీ ఇంకోసారి తిప్పి చూశాడు.
సంతకం మాత్రం అక్షరం తొణక్కుండా చేశాడు.
మనిషి కన్నా ఆలస్యంగా మరిచిపోతుంది చెయ్యి.

పన్నులు కట్టాను.
చలంటే ఎరగని దాన్ని, బాయిలర్ బాగుచేయించాను.
మేకు కొట్టుకోనా అని అద్దెకున్న యోరిస్ అడిగితే
ఎన్నడూ చూడని గోడకి సరేనన్నాను.

బ్యాంకు లెక్కల్లో ఒక వరస.
ప్రతి నెలా ఐదో తారీఖున అరవై యూరోలు,
డబ్ల్యూ. కోస్టర్, స్కీడామ్.
ఇరవై రెండేళ్లుగా.
వివరం అనే గడిలో ఒక చుక్క.

"ఎవరు మావయ్యా ఈ కోస్టర్?"
చాలాసేపు సముద్రం వైపు చూశాడు.
"ఆమె చేప తినదు."
మళ్లీ బొత్తాలు.

ఆపెయ్యమంది మా అక్క, ఫోన్లోనే, రెండు నిమిషాల్లో.
మూయుటకు అని ఉందిగా!
ఉంది.
ఆయన చేయగలిగినవన్నీ నేను చేయవచ్చునని ఉంది,
ఆయనకి తెలిసినవి నాకు తెలుస్తాయని
ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.
ఆపలేదు.

ఫిబ్రవరిలో, వీధిలో కార్నివాల్ డప్పులు మోగుతుండగా,
మావయ్య ఆటు వేళకి వెళ్లిపోయాడు.
నోటరీ ఫోన్ చేశాడు. అయ్యో అన్నాడు,
గొంతు సవరించుకున్నాడు:
"ఎర్మెలిందా, ఆ కాగితం ఇక చెల్లదమ్మా."
నిజమే. పొద్దున కుళాయి ఎవరిదో, గోడ ఎవరిదో.
ఐదో తారీఖు ఊరికే వచ్చి వెళ్లింది.

మార్చి ఆఖరున ఒక ఉత్తరం, ఆయన పేరున,
వణికే నీలం అక్షరాల్లో.
రేవులో డచ్చి ఓడ వంటవాడు చదివిపెట్టాడు:
"ఈ నెల రాలేదు. డబ్బు సంగతి కాదు.
ఒంట్లో బాగుందా?"

ఇన్నాళ్లూ ఆయన బదులు రాశాను,
విద్యుత్ శాఖకి, మునిసిపాలిటీకి, నీళ్ల కంపెనీకి.
ఇప్పుడు ఎవరి బదులూ కాకుండా
బదులు రాయాలి.

రెండు కాగితాలు చింపాను.
మూడోదాని మీద,
కింద నా ఒక్క పేరే పెట్టుకుని, పైకొచ్చి మొదలుపెట్టాను:
అమ్మా, మీరు చేప తినరని
మావయ్య చెప్పాడు.