కొలతల బుక్కు

సుజాత టీచరమ్మ జాకెట్టు: భుజం పద్నాలుగు, చెయ్యి తొమ్మిది.
దాని కింద నా బిడ్డ తల: పదహారున్నర.
పోచమ్మమైదాన్ సేటు కోడలు: లైనింగు తెచ్చియ్యాలె.
దాని కింద మల్ల నా బిడ్డ తల: పదిహేడున్నర.
నెల తిరిగేసరికి టేపు అంగుళం ముందుకు జరిగింది.

కొత్తవాడ గల్లీల ఎవ్వరు చూసినా ఒక్కటే మాట:
'తల పెద్దగుంటె తెలివిగల్లదైతది పో.'
నేను గూడ నవ్విన.
నవ్వుకుంట దిష్టిచుక్క ఇంకింత పెద్దగ పెట్టిన.

తాగిన పాలు విసిరినట్టు కక్కేది.
ఆరో నెలల కండ్లు కిందికి దిగినయ్.
నల్లగుడ్డు కింది రెప్పల మునుగుతుంటె
పైన ఇంత తెల్లటి ఖాళీ.
ఎదురుంగ కూసొని గిలక ఊపిన.
నా శ్రీనిక నన్ను చూద్దామనే అనుకున్నది,
కండ్లే లేవలే.
టేపు పద్దెనిమిదిన్నర.

డాక్టర్ ఫర్హత్ మేడం ఫిలింను వెలుతురుకు పట్టింది.
'అందరి మెదడుల నీళ్లు ఊరుతయమ్మా.
ఊరించేది చిన్న కుచ్చు, ఎర్రదారం కుచ్చసొంటిది.
పాపకు ఆ కుచ్చు గోబిపువ్వైంది.'
కోరాయిడ్ ప్లెక్సస్ అని చీటీ మీద రాసిచ్చింది.
జాకెట్టు డోరీలకు నేను కట్టే కుచ్చులు యాదికొచ్చి
రెండు చేతులు కొంగుల దాసుకున్న.

మా మామ మొగిలి, నల్లబెల్లికాడ నీరటి.
నలభై ఏండ్లు తూము కాసిన మనిషి,
అప్పటిదాక గోడకు ఒరిగి ఉన్నడు.
'ఊట ఎక్కువైందా అమ్మా, తూము పూడిందా?'

మేడం ఫిలిం దించింది.
ఆయనకు కుర్సీ జరిపింది.
'రెండూ, పెద్దాయన.'

'గోబిపువ్వు నిండ నెత్తురే. కోస్తె ఆగదు.
పాప ఒంట్ల ఉన్న నెత్తురంత కలిపితె
అర్ధలీటరు, పైన ఇంకింత.'
పొద్దుగాల మా గేటుకు తగిలించి పోయే పాలప్యాకెటు.
నాకు ఇంకేం ఇనబడలే.
మామకు ఇనబడ్డది:
'అట్లయితె ముందుగాల వచ్చే కాలువ కట్టెయ్యాలె,
అటెన్క పూడిక తియ్యాలె.'
'అదే చేస్తం' అన్నది.

ఆపరేషన్ నాడు నెత్తురిచ్చింది ఇలియాస్.
జంపఖానాలు నేసే పిలగాడు, మా ఇంటికి నాలుగిండ్ల అవతల.
ఒక చేత్తోటి దూది ఒత్తిపట్టుకొని
ఇంకో చేత్తోటి తను నేసిందే పరిచిండు, 'కూసో అక్కా.'
పొద్దంత ఆ నీలిపట్టీలు లెక్కపెట్టిన.
ఇరవైరెండు. ఒకసారి ఇరవైమూడు.

ముక్క పరీక్షకు పోయింది. పదకొండు రోజులకు కాయితం:
గ్రేడు ఒకటి.
ఒకటంటె ఫెయిలనుకొని నా కాళ్లు వణికినయ్.
'ఇక్కడ ఒకటే మంచిదమ్మా.'

పక్కమంచం భూపాలపల్లి పిలగానికి మూడు వచ్చింది.
వాళ్లమ్మ అడిగింది, 'మీకెంతొచ్చింది?'
ఇంకా రాలేదని చెప్పిన.
ఆ అబద్ధానికి నేనేం బాధపడలే.
ఆమె ముందట బిడ్డ నవ్వకుంట జూసుకున్న,
దానికి బాధైంది.

ఇంటికొచ్చినం. మూడు నెలలకోపారి మల్ల ఫిలిం తియ్యాలె.
గోబి గోబీ అని బండి కేకేస్తె
ఇంకా తలుపు దగ్గరికేస్త.
మామ ఊరికెల్లి వచ్చినప్పుడల్లా
మనుమరాలి నడినెత్తి మీద అరచెయ్యి ఆనిచ్చి
కండ్లు మూసుకుంటడు,
రాత్రిపూట తూము రాతికి చెవి ఆనిచ్చినట్టు.
'నిమ్మళంగున్నయ్ నీళ్లు' అని చాయ్ అడుగుతడు.

పోయిన శుక్రారం: పద్దెనిమిదిన్నర.
ఈ శుక్రారం: పద్దెనిమిదిన్నర.
కుట్ల మీద ఎంటికలు ఇంకా ముండ్లు ముండ్లుగనే ఉన్నయ్.
సేటు కోడలి జాకెట్ల మిగిలిన లైనింగు ముక్కతోటి
టోపీ కత్తిరించిన.
కుట్టు లోపల అరంగుళం బట్ట ఇడిసిపెట్టిన.
బిడ్డ పెరగాలె గద.