ఓడితే మళ్ళీ చెల్లును

సోడాబుడ్డి పేలి
కుడిచేతి ఉంగరపు వేలు పోగొట్టుకున్నాడు
పర్లాకిమిడి పొట్నూరు కూర్మినాయకులు.
మిగిలిన తొమ్మిదింటితో
ఒక కబడ్డీ జట్టుని కొన్నాడు.

కొన్నాడంటే ఏముంది,
ఏడు బనీన్లు, చిరిగిన టెంటు ఒకటి,
పాతపట్నం చేతిలో వరసగా పదకొండు ఓటములు.
"సరుకు చవగ్గా దొరికిందిరా" అన్నాడు నాతో.
అప్పట్లో నేను అతని రిక్షాలో మైకుని.
ఒక వీధిలో ఒడియా, పక్క వీధిలో తెలుగు,
రెండు వీధులూ కలిసేచోట
ఏ భాషో నాకే తెలీని అరుపు.

బనీను రొమ్ము మీద తెలుగులో పేరు,
వీపు మీద ఒడియాలో.
కూతకెళ్తుంటే మా వైపు కనిపించేది వీపు.
తిరిగొస్తేనే కదా రొమ్ము!
"మా అక్షరాలు ఎప్పుడూ కనబడవేటండీ" అని
తెలుగు వీధివాళ్ళు తగువుకొచ్చారు.
మర్నాటి నుంచి
సగం ఆట కాగానే బనీన్లు తిరగేసి తొడిగించాడు.

పనసకాయ తెస్తే టికెట్టక్కర్లేదన్నాడొకసారి.
వచ్చిన జనం ముప్పై, కాయలు నలభై.
ఆ పదీ ఎవరివో ఈనాటికీ తేలలేదు.
పాయింటు వచ్చినప్పుడల్లా కాల్చమని
తారాజువ్వలు తెప్పించాడు.
శ్రావణం దాకా పని పడక
పెట్టెలోనే చెమ్మగిల్లాయి.

ఇక టికెట్టు.
వెనకవైపు రెండు లిపుల్లోనూ అచ్చు వేయించాడు:
జట్టు ఓడితే ఈ టికెట్టు మళ్ళీ చెల్లును.
వరహాలమ్మ గారు పద్దు రాసేవారు:
ఆదివారం రాబడి పద్నాలుగు రూపాయలు,
తక్కినవన్నీ పాత టికెట్లు.
"కాస్త గెలవమని చెప్పరాదా వాళ్ళకి?"
"గెలిస్తే ఎలాగే? రేపు ఆళ్ళు కొత్తది కొనుక్కోవాల."

జూన్‌లో ఫలితాలొచ్చాయి.
పదో తరగతి తప్పినవాళ్ళకి ఊరికే ప్రవేశం, చెప్పమన్నాడు.
నాకు నోరు రాలేదు.
"సిగ్గుండదా అండీ, ఎవడొస్తాడు?"
"సిగ్గున్నోడికి ఎనకాల ఇంకో గేటెడతాన్లే."
రెండు గేట్లూ నిండాయి.
పెట్రోమాక్సు వెలుగు అందని ఆ రెండో గేటులోంచి
తలమీద తువ్వాలుతో వచ్చారు
హైస్కూలు హెడ్మాస్టరు బిసోయి గారు.
నాయకులు ఏమీ అడగలేదు.
బుడ్డి కొట్టి, గోలీ కీచుమనకుండా
బొటనవేలితో నొక్కిపట్టి, అందించాడు.

ఒకే ఒక్కసారి గెలిచాం.
కొండమీది నుంచి దిగొచ్చిన ఎలియాజర్ గమాంగో
ఒక్క ఊపిరిలో నలుగుర్ని ముట్టుకుని
గీత మీద పడ్డాడు.
కొమ్ముతో చెక్కిన కొంగ బహుమతి.
చెమ్మగిల్లిన జువ్వల్లో ఒకటి లేచింది,
టెంటు కొంచెం అంటుకుంది.
ఆ రాత్రి మూడు వందల టికెట్లు చెల్లకుండా పోయాయి.
ఒక్కడూ పారెయ్యలేదు.

తరవాతిదంతా అప్పులే.
జట్టుని రైసుమిల్లు సాహు గారికి అమ్మాడు.
చుట్టూ రేకులు లేచాయి, కుర్చీలొచ్చాయి,
టికెట్టు వెనక తెల్లగా మిగిలింది.
నాయకులు కొనుక్కుని లోపలికెళ్ళేవాడు,
ఎండ పడే వైపు కూర్చునేవాడు,
మనవాళ్ళు పట్టుబడితే
పక్కవాడికి సోడా ఇప్పించేవాడు.

చిన్నరైలు ఆపేసిన ఏడాది పోయాడు.
మహేంద్రతనయ ఒడ్డుకి తీసుకెళ్తున్నాం.
మైకు వద్దన్నారు ఇంట్లోవాళ్ళు.
మలుపు దగ్గర జనం నిలబడి ఉన్నారు,
రెండు వీధులవాళ్ళూ, ఏటికవతలి పాతపట్నంవాళ్ళూ.
అమ్మకానికి ముందు చివరాట మాది,
ముప్పై ఏడు, పదకొండు. ఓడాం.
ఆ టికెట్లు.
మడతల్లో నలిగి, చెమటకి అక్షరాలు అలికి,
ఒక్కొక్కరూ జేబులోంచి తీసి పట్టుకున్నారు.

అలవాటుగా చెయ్యి చాపాను.
చూశాను, పంపాను.
ఒక్కటీ చింపలేదు.