పదకొండు గాలులు

గూడూరులో ఎక్కినవాడు "టీ, టీ" అన్నాడు.
తడ దాటాక ఎక్కినవాడూ "టీ, టీ" అనే అన్నాడు.
అయినా భాష మారిపోయిందని తెలిసింది,
ఆ రెండో టీ సాగదీత వేరు.

నా ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు, అందులో పన్నెండు పేజీలు.
"నెల్లూరు తీరంలో గాలుల పేర్లు: ఒక పరిశీలన."
ఒక పరిశీలన అంటే
రెండు వేసవి సెలవులు,
తుమ్మలపెంట ఇసుకలో తెగిన మూడు జతల చెప్పులు,
పామంజి పోలేరయ్య తాత
దగ్గుకీ దగ్గుకీ మధ్య చెప్పిన పదకొండు మాటలు.

సెంట్రల్ బయట ఆటో అతను మూడు వందలన్నాడు.
రెండు స్టేషన్ల దూరానికి!
పార్క్ టౌన్ మెట్లెక్కి
గాల్లో నడిచే రైలెక్కాను.
కింద కూవం. పెట్టెలో అందరూ ఒక్కసారే
ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటే
నేనూ పెట్టుకున్నాను.
ఊళ్లో కలిసిపోవడానికి
అంతకన్నా దగ్గర దారి లేదు.

చేపాక్‌లో దిగి, స్టేడియం గోడ పట్టుకు నడిచి
తప్పు గేటులోకి పోయాను.
వాచ్‌మన్ నా ముఖాన్నీ, ఫైలునీ చూసి
"రీవాల్యుయేషనా అమ్మా?" అని జాలిపడ్డాడు.

మెడలో వేసిన కార్డు మీద డాక్టర్ శేషారత్నం అని ఉంది.
నేనింకా డాక్టర్ని కాను.
కొట్టేద్దామని పెన్ను తీసి
మళ్లీ మూత పెట్టేశాను.
సాయంత్రం దాకే కదా.

గాలుల గురించి మాట్లాడమని
కిటికీలు మేకులు కొట్టి మూసిన ఏసీ గది ఇచ్చారు.
పదిహేను నిమిషాలన్నది
భోజనాల వేళ ముంచుకొచ్చి ఏడయింది.
పైరగాలి నిమ్మళంగా వచ్చింది, పడమటిగాలి పరుగెత్తింది,
ఐదోదాని దగ్గర అధ్యక్షులవారు గంట కొట్టారు.
ఆరు గాలులు గొంతులోనే బిగుసుకున్నాయి.
ఒకే ఒక ప్రశ్న: "మీ శాంపిల్ ఎంతమంది?"
పోలేరయ్య, అనబోయి
ముప్పై నలుగురు అన్నాను.
అదీ నిజమే.

అప్పడం సగం తిని, చెయ్యి కడుక్కుని
ఎవరికీ చెప్పకుండా రోడ్డు దాటేశాను.
మెరీనాలో సముద్రం కనిపిస్తుంది గానీ ఓ పట్టాన రాదు.
నడిచేకొద్దీ ఇసుకే.
మిట్టమధ్యాహ్నం, ఒక గుర్రం నిలబడే నిద్రపోతోంది.
బెలూన్లు కాల్చే బల్ల దగ్గర
తుపాకీ ఒళ్లో పెట్టుకుని ఒకామె అన్నం తింటోంది.

దక్షిణంగా పోతే పడవలు.
పడవ నీడలో, కాలి బొటనవేలికి దారం తగిలించి
వల అల్లుకుంటున్నాడు కన్నియప్పన్.
"ఇదు ఎన్న కాత్తు?" నాకొచ్చిన తమిళమంతా అదే.
ఆయన గాలిని చూడలేదు, నా కార్డు చూశాడు.
"డాక్టరా?" అని లుంగీ పైకి లాగి
వాచిన మోకాలు చూపించాడు.
కార్డు తీసి సంచిలో వేశాను.

"కొండల్" అన్నాడు తర్వాత, సముద్రం వైపు గడ్డం ఎగరేసి.
నాకు నవ్వొచ్చింది. అక్కడ కొండేది?
మా తుమ్మలపెంటలో కొండగాలంటే వెనక నుంచి వచ్చేది,
పడవని ఇంట్లోంచి తరిమేది.
"తుమ్మలపెంటా?" సూది ఆగింది.
మేనత్తనిచ్చిన ఊరట.
అక్కణ్ణించి సగం తెలుగు, సగం చేతులు.

నీ దగ్గర ఎన్నున్నాయని అడిగాడు.
పదకొండన్నాను.
తక్కువే, అని తనవి లెక్కపెట్టడం మొదలెట్టాడు.
ఒక్కో గాలికీ వలలో ఒక్కో ముడి.
పన్నెండో ముడి బిగించాడు,
పేరు మాత్రం చెప్పలేదు.
నీళ్ల మీద ఇంకా రెండు పడవలున్నాయి చూడు,
అవి ఒడ్డుకి రాకుండా దాని పేరెత్తకూడదు, అన్నాడు.

పోలేరయ్య తాత కూడా
సరిగ్గా అక్కడే దగ్గేవాడు.
రెండు వేసవులూ నేను
ఆ దగ్గుకి మందు పట్టుకెళ్లి ఇచ్చాను.

పడవల కోసం కూర్చున్నాను.
ఒకటొచ్చింది.
రెండోది రాకముందే నా రైలు టైమయింది.

సర్టిఫికెట్ తీసుకోవడం గుర్తే లేదు.
సూళ్లూరుపేట దాటాక ఫైలు తెరిచి
పదకొండో పేరు కింద
ఒక గీత గీసి, ఖాళీగా వదిలాను.
కిటికీలోంచి ఏదో గాలి వస్తోంది.
అడగడానికి పెట్టెలో ఎవరూ మేలుకుని లేరు.